గొళ్లెం చప్పుడు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు: కుల్సుమ్‌బీ దాదీ, ఆమె కోడలు తస్లీమత్త, మనుమరాలు అఫ్రీన్, నేను. పెరట్లో రెండు కోళ్ళు, కట్టేసిన మేక. దాదీ కొడుకు ఫయాజ్ మామ ఆటో తీసుకొని గద్వాలకు పోయాడు. దాదీ భర్త ఆజం తాత చనిపోయి ఆ రోజుకు నలభై ఎనిమిది రోజులు.

అక్టోబరు పదకొండో తేదీ కింద నా డైరీలో ఇట్లా ఉంది. సీను తీసే ముందు గదిలో ఎవరెవరున్నారు, ఎవరెక్కడ కూర్చున్నారు, ఎవరికి ఏం కావాలి అన్నవి రాసుకోవాలని తాత ఇచ్చిన సినిమా పుస్తకంలో చెప్పారు. దాదీ వంటింటి గడప పక్కన, చేట ముందర. తస్లీమత్త పొయ్యి దగ్గర. అఫ్రీన్ మంచం మీద, కాళ్ళు ఊపుతూ. అంతవరకు సరిగ్గానే రాసుకున్నాను. ఎవరికి ఏం కావాలి అన్న చోట మాత్రం నా ఒక్కదాని గురించే రాసుకున్నాను. "నాకు ఒక్క మంచి షాట్ కావాలి" అని.

దాదీకి ఏం కావాలో ఆమె అంతకు పది నిమిషాల ముందే చెప్పింది. అది నేను రాసుకోలేదు.

నా పేరు నవనీత. పదో తరగతి. ధరూర్ మండలంలో మా ఊరు. మా నాయిన కృష్ణయ్య గద్వాల చీరలు నేస్తాడు, అమ్మ లలితమ్మ నూలు కండెలు చుడుతుంది. నాకు నలుగురిలో నోరు పెగలదు. బడిలో హాజరు పిలిస్తే నేను పలికింది సారుకు వినపడక, రెండుసార్లు ఆబ్సెంటు పడింది. అట్లాంటి దానికి సినిమా డైరెక్షన్ ఎందుకని అఫ్రీన్ నవ్వేది. సెట్టు మీద డైరెక్టర్ అరవాలి కదా, నువ్వు "యాక్షన్" అంటే చెవి నీ నోటికాడ పెట్టాలె అనేది.

అఫ్రీన్ వాళ్ళ తాత ఆజం. మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే ఫోటోలాయన. వాళ్ళ ఇంటి ముందరి గదే స్టూడియో. గోడకు నీలం పరదా, ఒక ఎత్తు స్టూలు, మూడు కాళ్ళ స్టాండు. స్టాండుకు ఒక కాలు విరిగితే చీర అంచు గుడ్డతో కట్టాడు. పెళ్ళిళ్ళకు పట్నం నుంచి డ్రోన్లవాళ్ళు రావడం మొదలయ్యాక తాతకు పాస్‌పోర్టు ఫోటోలే మిగిలాయి. నేను ఎనిమిదో తరగతిలో బస్సు పాసు ఫోటో కోసం పోయినప్పుడు, ఫోటో అయిపోయినా స్టూలు దిగకుండా ఆ స్టాండునే చూస్తూ కూర్చున్నానట.

"ఏం గావాలె బిడ్డా?" అన్నాడు తాత.

నేను తల అడ్డంగా ఊపాను.

"అడుగు. అడగకుంటే ఎదుటోనికి ఎట్ల తెలుస్తది?"

నేను అడగలేదు. అయినా ఆయనకు తెలిసింది. ట్రంకు పెట్టెలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాడు. దానికి అట్ట లేదు, ముందరి పదహారు పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. తాత వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్ పోయి రెండేళ్ళు సినిమాలకు లైట్లు మోశాడు. అప్పుడు కొన్న తెలుగు పుస్తకం. దానికి పేరు లేదు కాబట్టి మేము పుస్తకం అనే అనేవాళ్ళం. పదిహేడో పేజీ "కెమెరా ఎక్కడ పెడితే ప్రేక్షకుడు అక్కడ కూర్చుంటాడు" అని మొదలవుతుంది. నా చదువు అక్కడి నుంచే.

మా అక్క వాడి పడేసిన ఫోను నాకు వచ్చింది. అద్దం పగిలింది కానీ కెమెరా బాగుంది. మొదట మా నాయినను తీశాను. మగ్గం ముందు కూర్చొని, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసరడం ఒకసారి వాకిలి వైపు నుంచి, ఇంకోసారి గోడ వైపు నుంచి తీసి రెండూ కలిపాను. బాగా వచ్చిందనుకొని తాతకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి రెండుసార్లు చూశాడు.

"నాడె ఇటు పోయింది. మళ్ళ ఇటే పోయింది. తిరిగెప్పుడొచ్చిందే? మీ నాయిన ఏమన్న ఇద్దరున్నరా?"

లోపలి గది పరదా వెనక నుంచి దాదీ గొంతు వినపడింది. "ఒక్క కృష్ణయ్యతోనే లలితమ్మ పరేషానయితుంది. ఇద్దరెందుకు తల్లీ దానికి?"

తాత నవ్వుతూనే చాక్‌పీసుతో నేల మీద గీత గీశాడు. మనిషికీ వాడు చూసేదానికీ నడుమ ఇట్లాంటి గీత ఒకటి ఉంటుందని, కెమెరా దానికి ఒకవైపే ఉండాలని చెప్పాడు. "గీత దాటితే సూసేటోనికి అంతా ఉల్టా అయితది. ఎవరు ఎటు దిక్కున్నరో తెల్వదు." ఆ గీత మీద నేను ఒక వారం నడిచాను.

అతికే విద్య మాత్రం నాయిన దగ్గర నేర్చుకున్నాను. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, కొంగు పట్టు. నూలు అయిపోయే చోట పట్టు పోగులను ఒక్కొక్కటిగా పట్టుకొని, వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. వందల పోగులు. అమ్మ పక్కన కూర్చొని అందిస్తుంటే నాయిన తల ఎత్తడు. ఎట్లా తెలుస్తుంది నాయినా బాగా వచ్చిందని, అని అడిగితే, "చేతికి తెల్వాలె, కంటికి తెల్వొద్దు" అన్నాడు. పుస్తకంలో ఎడిటింగు గురించి ఇరవై రెండు పేజీలు ఉన్నాయి. నాయిన మాట విన్నాకే అవి నాకు అర్థమయ్యాయి.

ఆగస్టు ఇరవై నాలుగున తాత పోయాడు. గుండె. గద్వాల దవాఖానకు తీసుకుపోయేలోపు ఫయాజ్ మామ ఆటోలోనే ప్రాణం పోయింది.

ఆ తర్వాత దాదీ ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటదు, నగలు పెట్టుకోదు, పరాయి మగవాళ్ళకు కనపడదు. కనపడకపోవడం అందరూ పాటిస్తారట. మా దాదీ వినపడకుండా కూడా పాటించింది. అది వాళ్ళమ్మ దగ్గర చూసి నేర్చుకున్నదని తస్లీమత్త చెప్పింది. అంతకుముందు మా వాడలో దాదీ అంత మాటకారి లేదు. తాత పోయాక, ఇంట్లో తస్లీమత్త లేనప్పుడు పాల బాలస్వామి వచ్చి కేకేస్తే దాదీ పలకదు. తలుపు వెనక నిలబడి గొళ్లెం పట్టుకొని రెండుసార్లు ఆడిస్తుంది. ఇంట్లో ఆడమనిషి ఉంది, గిన్నెలో పోసి వెళ్ళిపో అని దానికి అర్థం. బాలస్వామికి అది మొదటి రోజే తెలిసింది. కరెంటు బిల్లు ఆయనకు రెండోసారి వచ్చాకే తెలిసింది. మాతో మాత్రం ఎప్పటిలాగే మాట్లాడేది.

ఆ గొళ్లెం మీద చేయి నాకు చాలా నచ్చింది. పాత ఇనుప గొళ్లెం, ముడతలు పడ్డ వేళ్ళు, తలుపు సందులోంచి వచ్చే గీతంత వెలుగు. పుస్తకంలో క్లోజప్ గురించి చదివిన ప్రతిసారీ అదే గుర్తొచ్చేది. అందుకే దసరా సెలవుల్లో, ఆ అక్టోబరు పదకొండున, అఫ్రీన్‌ను వెంట పెట్టుకొని దాదీ ముందు నిలబడ్డాను. నేను అడగలేక అఫ్రీనే అడిగింది.

"ఫోటోనా? నాదా?" దాదీ చేట కింద పెట్టింది. "నలభై ఏండ్లు ఫోటోలాయన ఇంట్ల ఉన్న. ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు నీకు దిగుతనా?"

"ముఖం తియ్యను దాదీ. చేతులే."

"చేతులు ఏం జేసుకుంటవే?"

"ప్రాక్టీసు."

"తీస్కోనియ్యి దాదీ," అంది అఫ్రీన్. "నన్ను తీస్తే నవ్వు ఆగుతలేదని నన్ను తీసేసింది. డైరెక్టరమ్మకు కోపమొస్తది మళ్ళ."

దాదీ చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "మొగోళ్ళకు చూపియ్యొద్దు. నువ్వు, అఫ్రీన్, నేను. గంతే."

"గంతే దాదీ."

"ఒట్టు గిట్టు వద్దులే. నీ మాట చాలు. నువ్వు మాట్లాడేదే జరంత."

ఆమెకు కావాల్సింది అదే. అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పరు.

మొదట గొళ్లెం తీశాను. తర్వాత ఫోనును బియ్యం డబ్బా మూత మీద ఆనించి, చేటలో రాళ్ళు ఏరుతున్న చేతులు మాత్రం వచ్చేట్టు పెట్టాను. గాజులు తీసేసిన చోట మణికట్టు చుట్టూ తెల్లని మరక ఉంది. మిగతా చేయి ఎండకు నల్లబడినా అక్కడ లేత రంగు. ఫోను ఆన్ చేసి నేను పక్కకు జరిగాను. అది తీస్తోందని దాదీ మరిచిపోయింది. రాళ్ళు ఏరుతూ తనలో తాను మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఊరందరి పెండ్లిపిల్లలను ఆ స్టూలు మీద కూసోబెట్టిండు. గదువ జర పైకి తల్లీ, జర నవ్వు తల్లీ, అని. నేను ఈడ పరదా ఎనుక ఇనుకుంట రొట్టెలు చేసేది. కుల్సుమ్‌బీ ఫోటో దిగదు, పట్టుదల మనిషి అని అందరంటరు. నేను దిగనని ఎన్నడన్న? ఆయన అడిగితే గద! ప్రతి పండుగకు కొత్త చీర కట్టుకొని, ఇయ్యాల అడుగుతడేమో అని పనంత జల్దిగ చేసుకొని కూసునేది. ఒక్కసారి అడిగితే దిగకపోదునా..."

ఆ చివరి మాట మీద బయట పత్తి ట్రాక్టరు హారన్ మోగింది. పొయ్యి దగ్గర తస్లీమత్త చేయి ఆగింది. అఫ్రీన్ కాళ్ళు ఊపడం మానేసింది.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. హారన్ పడిందే అనుకున్నాను. అదే డైరీలో రాసి ఉంది: "చివరి మాట మీద హారన్. మళ్ళీ తీయాలి."

శబ్దం పాడైతే సిగ్గుపడకుండా మళ్ళీ అడగమని పుస్తకంలో ఉంది. నా జీవితంలో సిగ్గుపడకుండా ఎవరినైనా ఏదైనా అడిగింది అదొక్కసారే.

"దాదీ, ఇందాక అన్నది మళ్ళొక్కసారి అంటవా?"

"ఏందే?"

"తాత అడగలేదని అన్నవు గద. సౌండ్ పాడయింది."

దాదీ డబ్బా మీది ఫోనును చూసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. తస్లీమత్త ఉర్దూలో ఏదో అంది, వద్దన్నట్టు. దాదీ మాత్రం నవ్వింది. "నువ్వు గూడ ఆయన లెక్కనే తయారైనవు. ఇగ గదువ జర పైకి అంటవా?" అని, కొంగు సర్దుకొని, ముఖం ఫోనులో పడదని తెలిసీ నిటారుగా కూర్చొని, మళ్ళీ చెప్పింది. ఈసారి మెల్లగా, చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు. చూపు చేట మీద లేదు. స్టూడియో గది వైపు ఉంది. "ఒక్కసారి అడిగితే దిగకపోదునా" అన్నప్పుడు హారన్ లేదు.

"అయిందా?"

"అయింది దాదీ."

"నాకు గూడ చూపియ్యి మరి. నా చేతులు ఎట్లున్నయో సూస్త."

రెండు వారాలు పట్టింది దాన్ని కలపడానికి. రెండోసారి చెప్పిన గొంతును మొదటిసారి తీసిన చేతుల మీద పెట్టాను. మాట ఆగే చోట వేలు ఆగేట్టు, "ఒక్కసారి" అన్న చోట గాజుల మరక దగ్గరగా కనపడేట్టు అతికాను. ఆ గొంతు ఆ చేతులది కాదని ఎవరూ కనిపెట్టలేరు. చివర గొళ్లెం రెండుసార్లు మోగుతుంది. మొత్తం మూడు నిమిషాల పది సెకన్లు. నాయినకు చూపిద్దామనుకొని, నాయిన మగవాడు కదా అని ఆగిపోయాను. అప్పటికి అంత జ్ఞాపకం ఉంది నాకు.

నవంబరు మొదట్లో మధుసూదన్ సారు మా తరగతికి వచ్చాడు. ఆయన మాకు తెలుగు చెప్తాడు. బాలల దినోత్సవానికి గద్వాలలో బడిపిల్లల చిన్న సినిమాల పోటీ ఉందని, "మా ఇంటి మనిషి" అన్నది అంశమని చెప్పాడు. "నవనీతా, నువ్వు ఫోన్ల ఏందో తీస్తుంటవట గద. చూపియ్యి." తరగతి అంతా నా వైపు తిరిగింది. ఆ రోజు అఫ్రీన్ రాలేదు.

నా ఫోనులో రెండు సినిమాలు ఉన్నాయి. నాయిన మగ్గం సినిమా, దాదీ చేతుల సినిమా. మగ్గం సినిమాలో అప్పటికీ నాడె ఒకవైపే పోతుంది. రెండోది బాగుందని నాకు తెలుసు. ముఖం లేదు కదా, ఎవరో ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. రెండోసారి తానే కూర్చొని చెప్పింది కదా, అంటే ఒప్పుకున్నట్టే కదా అని కూడా అనుకున్నాను. ఇవన్నీ సారు చేయి చాచి నిలబడ్డ అరనిమిషంలో అనుకున్నవి. లేదు సార్, అది చూపించకూడదు అనడానికి నాలుగు మాటలు చాలు. నాకు ఆ నాలుగు మాటలు నోటికి రాలేదు. ఫోను ఇచ్చాను.

సారు స్టాఫ్ రూములో చూసి వచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరమ్మా ఆమె?" అన్నాడు. "తెలిసినవాళ్ళు సార్" అన్నాను. ఆయన మంచివాడు. చెప్పి ఉంటే పంపేవాడు కాదు.

ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం ఉంది. "సారుకు ఇచ్చాను."

రెండో బహుమతి వచ్చింది. ప్రార్థనలో హెడ్‌మాస్టర్ సర్టిఫికెట్ ఇస్తుంటే అందరికంటే గట్టిగా అఫ్రీన్ చప్పట్లు కొట్టింది. వరసలోకి తిరిగి రాగానే నా చేయి గిల్లింది. "చెప్పనే లేదేందే! ఏ సినిమా?"

"మగ్గం సినిమా."

"నాడె తిరిగొచ్చిందా మరి?"

"వచ్చింది."

ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను.

సారు సంతోషంగా దాన్ని ఊళ్ళోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, మా బడి పిల్ల తీసిందని. అక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోయిందో తెలియదు. ఎవరో దాని కింద ఏడుపు పాట కలిపి మళ్ళీ పంపారు. ఫోను చూడని రోజులు కూడా ఉండే నాకు ఇవేవీ తెలియవు. వారం తర్వాత ఒక సాయంత్రం ఫయాజ్ మామ మా ఇంటికి వచ్చేవరకు తెలియదు.

ఫయాజ్ మామ అఫ్రీన్ వాళ్ళ నాయిన. ఎప్పుడు వచ్చినా వాకిట్లోనే "కృష్ణన్నా, చీర అయిందా, ఇంక గీకుతనే ఉన్నవా?" అని వస్తాడు. ఆ రోజు ఏమీ అనకుండా వచ్చి మగ్గం పక్కన పీట మీద కూర్చున్నాడు. నాయిన నాడె ఆపాడు. అమ్మ చాయ్ పెడతానంటే వద్దన్నాడు.

"పొద్దుగాల ధరూర్ కాడ ఆరుగురు ఎక్కిండ్రు," అన్నాడు మామ. చూపు మగ్గం మీదే ఉంది. "ఎనుక సీట్ల ఒకడు ఫోన్ పెట్టిండు. మా అమ్మ మాట్లాడుతుంది."

అమ్మ చేతిలోని కండె కింద పెట్టింది.

"ముందుగాల నాకే ఫోన్ జేసిందేమో అనుకున్న. నా జేబుల ఫోన్ సూసుకున్న. ఇంత పరేషాన్ నేనెన్నడు గాలే అన్నా. అమ్మ మాట్లాడుతనే ఉంది. ఇయ్యాల అడుగుతడేమో అని కొత్త చీర కట్టుకొని కూసునేదట." మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎనుక ఒకడన్నడు, ముసల్దానికి ఎంత సోకున్నదో సూడుండ్రి అని. అందరు నవ్విండ్రు. ఇంకొకడు, మళ్ళ పెట్టు, మళ్ళ పెట్టు అన్నడు. గద్వాల దాక మూడుసార్లు పెట్టిండ్రు."

"నువ్వేమన్నవు?" అన్నాడు నాయిన.

"ఏమంటనన్నా? ఆమె మా అమ్మ అని చెప్తే, ఇంక బాగ తెలుస్తది గద, ఎవరో."

నేను లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. మామ నా వైపు తిరగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ గొళ్లెం మాది. నాకు చిన్నప్పటి సంది తెలుసు దాని చప్పుడు," అన్నాడు. "పాలాయనకు గూడ గొంతు ఇనపడొద్దని ఇన్ని దినాలు అట్లనే చేస్తుంది. ఇంక నెల ఉన్నది గడువు."

"మీ అమ్మకు తెలిసిందా?" అమ్మ అడిగింది.

"లే. నేనెట్ల చెప్పాలె వదినా? కొడుకును. ఆమె నాకు చెప్పిన మాట గాదది. నాయినకు గూడ చెప్పలే." లేచాడు. అప్పుడు నా వైపు చూశాడు. "నువ్వు చెప్పు. నీకు చెప్పింది గద."

మామ పోయాక నాయిన మళ్ళీ నాడె పట్టుకోలేదు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. "ఆ సినిమా నాకు పెట్టు" అన్నాడు. వెంటనే, "వద్దు, పెట్టకు" అన్నాడు. మొగోళ్ళకు చూపించనని దాదీకి మాట ఇచ్చానని నేను చెప్పాను. అమ్మ, "నేను పొద్దుగాల పోయి ఆమె కాళ్ళు పట్టుకుంట" అంది.

"నువ్వు పోవద్దు," అన్నాడు నాయిన. "మాట ఇచ్చింది నవనీత. నోరు దానిదే. దాన్నే పోని."

మర్నాడు బడిలో మధుసూదన్ సారుకు చెప్పాను. ఇది నేను నోరు తెరిచి సారుకు చెప్పిన మొదటి పెద్ద మాట. ఆయన గ్రూపులోంచి తీసేశాడు, అందరినీ తీసేయమని మెసేజ్ పెట్టాడు. "పోయినకాడికి పోయింది నవనీతా. తిరిగిరాదు," అన్నాడు. అఫ్రీన్ ఆ రోజు వేరే బెంచీలో కూర్చుంది. వాళ్ళ నాయిన చెప్పినట్టున్నాడు. రెండు పీరియడ్లు నేను ఆమె జడను చూస్తూ కూర్చున్నాను. ఒకసారి తిరిగింది. "మగ్గం సినిమా అన్నవు" అంది. అంతే. మళ్ళీ తిరగలేదు.

సాయంత్రం బడి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వరసగా పెట్టుకున్నాను. దాదీ, నేను తప్పు చేసిన. దాదీ, సారుకు ఇచ్చిన. మొదట ఏది, తర్వాత ఏది అని. కొంచెం దూరం పోయాక, నేను ఇది కూడా సీను రాసినట్టే రాస్తున్నానని తెలిసి ఆపేశాను.

స్టూడియో గది మూసి ఉంది. పక్క తలుపు సగం తెరిచి ఉంది. అఫ్రీన్ చెప్పులు గడప బయట ఉన్నాయి. నేను చెప్పులు విడిచి మెట్టు మీద నిలబడ్డాను.

"దాదీ."

"ఎవరు? నవనీతనా? రా రా," లోపలి నుంచే కేక వేసింది. కేక తర్వాత మనిషి వచ్చింది. చేతికి పిండి ఉంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది. "ఎన్ని దినాలాయెనే! సెలవులల్ల తీసినవు, ఇంక చూపియ్యకపోతివి. నా చేతులు మంచిగ రాలేవా ఏంది? అఫ్రీన్‌ను అడిగితే అది మూతి ముడుసుకొని పండుకున్నది. కొట్లాడుకున్నరా మీరిద్దరు?"

ఆమె ఒక్కతే ఇంకా దాన్ని చూడలేదు. ఎక్కడెక్కడివాళ్ళో చూశారు.

"దాదీ," అన్నాను. వరసగా పెట్టుకున్నవేవీ రాలేదు. "సారుకు ఇచ్చిన. సారు అందరికి పంపిండు. మొగోళ్ళు చూసిండ్రు. ముఖం లేదు దాదీ, నీ ముఖం ఎక్కడ లేదు. గొంతు ఉన్నది. అది పెట్టిన. తాత అడగలేదని అన్నవు గద, అది."

దాదీ నవ్వు వెంటనే పోలేదు. కొంచెం సేపు అట్లాగే ఉంది, ఎవరైనా తీసేదాకా గోడకు ఉండే పాత తోరణంలాగా. తర్వాత ఆమె పిండి చేతిని ఇంకో చేత్తో తుడుచుకుంది.

"ఎవరెవరు ఇన్నరు?"

"మస్తు మంది."

"ఫయాజ్?"

నేను తల ఊపాను. ఆమెకు సరిపోలేదు. నోటితో చెప్పాలన్నట్టు చూసింది.

"ఇన్నడు దాదీ. ఆటోల. ఎవరో పెట్టిండ్రు."

ఆమె మెల్లగా కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. పాల బాలస్వామి పిలిచినప్పుడు కూడా ఆమె అట్లా పెట్టుకోగా నేను చూడలేదు. ఆ ఇంట్లో నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆమె వెనక మంచం మీద అఫ్రీన్ లేచి కూర్చుంది. లోపలెక్కడో తస్లీమత్త గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"దాదీ, తీసేయించిన. సారు తీసేసిండు. దాదీ, తిట్టు. ఏదన్న అను."

ఆమె నన్నే చూస్తోంది. కోపంగా కాదు. తలుపు అంచు పట్టుకున్న చేతిని చూశాను. గాజుల మరక కొంచెం తగ్గింది, ఎండ తగలకపోయినా. తలుపు మెల్లగా కదిలింది. నేను మెట్టు దిగలేదు. ముందుకూ పోలేదు. సందు చేయంత అయింది, తర్వాత వేలంత అయింది. ఆ సందులో ఆమె కన్ను ఒకటి ఇంకా నా మీదే ఉంది.

"దాదీ, నేను. నవనీతను."

తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం రెండుసార్లు మోగింది.